గురువారం మేలుకోని యంత్రం

మార్కండి సముద్రం ఒడ్డున పొద్దున్న ఏడు గంటలకు కాసులు చనిపోయాడు. చనిపోవడానికి అరనిమిషం ముందు వరకు అతని బెంగ అంతా మధ్యాహ్నం రెండు గంటల గురించే.

"బాబూ, రెండింటికి షాపు మూయాల. ఆలీసమైపోద్దేటో," అన్నాడు, ఇసకలో బోర్లించిన పడవ మీద కూర్చుని.

"ఎంతో సేపు పట్టదు మావయ్యా," అని వెనక నిలబడిన వెంకటేశ్వర్లు మర్యాదగా జవాబిచ్చి, చేతిలోని వల తాడును అతని మెడ చుట్టూ వేశాడు. నిజంగానే ఎంతో సేపు పట్టలేదు.

కాసులు వయసు యాభై ఎనిమిది. బరంపురంలో, గోసాని నువాగాం బజారులో ఢిల్లీశ్వరరావు పట్టుచీరల దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్లుగా గుమస్తా. మార్కండి వెళ్లి ఒక పడవవాణ్ణి కలిసి రమ్మని యజమాని చెప్పాడు కాబట్టి వచ్చాడు. ఎందుకని అడగడం అతనికి అలవాటు లేదు. మూడో రోజున కెరటాలు అతన్ని వలతో సహా ఒడ్డుకు తెచ్చి పడేశాయి. వలలో చిక్కుకుని ప్రమాదవశాత్తు మరణించినట్టు కాగితం తయారైంది. ఢిల్లీశ్వరరావు స్వయంగా పాడెకు భుజం పట్టాడు. కాసులు భార్య దానమ్మ చేతిలో ఒక పట్టుచీర పెట్టి, ఆమె ఏడుస్తుంటే తానూ కళ్లు తుడుచుకున్నాడు.

ఇది జరిగిన మూడున్నర వారాలకు, ఒక సోమవారం, అదే ఊరి అంకులి పేటలో ఒక మేడ మీది గదిలోకి గౌతమ్‌ను పిలిపించారు. కింద "వాస్తు సలహా కేంద్రం" అన్న బోర్డు ఉంది. పేరు చెప్పుకోని ఒక ప్రభుత్వ శాఖకు అది ముసుగు. గౌతమ్ ఆ శాఖ మనిషే, కంప్యూటర్లు తెలిసినవాడు. అప్పుడప్పుడు నిజమైన గృహస్థులు కూడా మెట్లెక్కి వచ్చేవారు. అందరికీ తూర్పు కిటికీ తెరిచి ఉంచమని చెప్పి పంపేవారు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు.

శాఖాధిపతి వెంకటరమణమూర్తి సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటాడు. ఎదుటివాడు కూర్చునేలోపే మొదలుపెట్టాడు.

"ఢిల్లీశ్వరరావు దుకాణంలో ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. పగలు బిల్లులు కొడుతుంది. బజారంతా రెండింటికి మూసి ఐదింటికి తెరుస్తుంది కదా; ప్రతి గురువారం ఆ మధ్యలో, మూడూ పదికి, మూసిన దుకాణంలో అది దానంతట అదే లేస్తుంది. దేశం బయట ఉన్నవాడొకడు దాన్ని లేపుతాడు. ఒక ఫైలు తీసుకుంటాడు. మళ్లీ పడుకోబెడతాడు. మనిషి చెయ్యి పడదు కాబట్టి సాక్షి ఉండడు."

"వేక్ ఆన్ లాన్," అన్నాడు గౌతమ్.

అంటే నిద్రపోయే కంప్యూటర్‌ను నెట్‌వర్క్ మీద ఒక సందేశం పంపి లేపడం. అది మంత్రమేమీ కాదు. నిజానికి ఆ సందేశాన్ని కంప్యూటర్ వాళ్లు మ్యాజిక్ ప్యాకెట్ అనే పిలుస్తారు. ముందు ఒక గుర్తు, ఆ వెంట నిద్రపోతున్న యంత్రపు చిరునామా వరసగా పదహారు సార్లు. ఆపేసిన కంప్యూటర్లో కూడా నెట్‌వర్క్ కార్డు ఒక్కటి కాస్త కరెంటు పీల్చుకుంటూ, తన పేరు ఎవరైనా పిలుస్తారేమోనని వింటూ ఉంటుంది. పదహారు సార్లు జపం వినగానే యంత్రాన్ని లేపుతుంది. తక్కిన జపాలకూ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, ఫలితం రాకపోతే కారణం వెతకవచ్చు.

ఇప్పుడు సరిగ్గా ఆ ఫలితమే రావడం లేదు. వరసగా మూడు గురువారాలు యంత్రం లేవలేదు. ఈ నెల నుంచి ఢిల్లీశ్వరరావు ఆ ఫైలులో పెడుతున్నది తీర గస్తీ పడవ శుక్రవారం తెల్లవారుజామున వెళ్లే దారి. పడవలో పద్నాలుగు మంది ఉంటారు. దారి వారం వారం మారుతుంది. అది అందిన వారం, ఆ దారిలో ఒక చేపల పడవ పేలుడు పదార్థాలతో ఎదురు చూస్తుంది. ఇంతవరకు అందలేదు.

"ఎవరు ఆపుతున్నారో కనుక్కోవాలి," అన్నాడు మూర్తి. "ఢిల్లీశ్వరరావు ముఠా వాళ్లు సాయిపద్మ అనుకుంటున్నారు."

సాయిపద్మ ఆ దుకాణానికి ముఖం. బస్టాండు దగ్గరి పెద్ద హోర్డింగు మీద ఎర్ర పట్టుచీరలో నవ్వుతూ కనిపించేది ఆమే. దుకాణంలో కంప్యూటర్ తెలిసిన మనిషి కూడా ఆమె ఒక్కతే. రెండేళ్లుగా ముఠాకు పనిచేస్తోంది. ఏడాదిన్నరగా ముఠా సంగతులు శాఖకు చేరవేస్తోంది.

"ఆమె ఆపుతోందా?"

"కాదంటోంది. నాలుగో గురువారం కూడా లేవకపోతే గుమస్తా కాసులును తీసుకెళ్లినట్టే ఆమెనూ మార్కండి తీసుకెళ్లమని బయటివాడి ఉత్తర్వు. యంత్రాన్ని ఆఖరుసారి చూడ్డానికి కోల్‌కతా నుంచి మనీష్ అనే టెక్నీషియన్‌ను పంపాడు. నిన్న స్టేషన్‌లో దిగగానే తీసుకొచ్చాం." మూర్తి పక్కగది వైపు చూశాడు. లోపల ఎవరో నీళ్లడుగుతున్నారు. ఎవరూ ఇవ్వడం లేదు. "ఆరు గంటలు పట్టింది. సంకేతం చెప్పాడు. రేపటి నుంచి నువ్వే మనీష్."

శాఖ అతనికి చొక్కా గుండీలో ఇమిడే కెమెరా ఇచ్చింది. దాని బ్యాటరీ మరునాడు పది గంటలకే అయిపోయింది.

మంగళవారం ఉదయం, నల్ల ఫ్రేము కళ్లద్దాలు, చంకలో టూల్ బ్యాగు, చేతిలో సర్వీసు రిపోర్టుల పుస్తకంతో గౌతమ్ దుకాణం మెట్లెక్కాడు.

"కుంభం అంచు చీరల్లో ఆకుపచ్చ ఉందాండీ?" అని అడిగాడు.

"ఆకుపచ్చ అంతా గంజాం ఎల్లిపోనాది. తేనె రంగున్నాది, సూస్తావా?" అన్నాడు ఢిల్లీశ్వరరావు. బొద్దుగా, నుదుట గంధంతో, ఎవరు చూసినా పెళ్లి సంబంధం గురించి సలహా అడగాలనిపించే మనిషి. సంకేతం సరిపోయింది. లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

లోపల కంప్యూటర్ ముందు సాయిపద్మ కూర్చుని ఉంది. హోర్డింగు మీది నవ్వు లేదు. ఎడమచెయ్యి పైటలో దాచుకుంది. గోడకు ఆనుకుని వెంకటేశ్వర్లు నిలబడ్డాడు. అతను ఢిల్లీశ్వరరావు మనిషి కాడు; బయటివాడి మనిషి. ఢిల్లీశ్వరరావు మీద కూడా ఒక కన్ను వేసి ఉంచడం అతని ఉద్యోగం. చేతిలో గుడ్డ కొలిచే మీటరు కడ్డీ ఉంది.

గౌతమ్ ఒక్కొక్కటే చూశాడు. యంత్రపు మూల ఏర్పాట్లుండే బయాస్‌లో నెట్‌వర్క్ ద్వారా లేచే ఏర్పాటు ఆన్‌లో ఉంది. కరెంటు ఆదా చేసే గాఢనిద్ర ఏర్పాటు ఆఫ్‌లో ఉంది. విండోస్‌లో యంత్రాన్ని పూర్తిగా ఆగనివ్వని ఫాస్ట్ స్టార్టప్ తీసేసి ఉంది. కార్డు సెట్టింగుల్లో మ్యాజిక్ ప్యాకెట్ దగ్గర టిక్కు ఉంది. వెనక ఇంట్లో ఢిల్లీశ్వరరావు తల్లి గదిలో రౌటరు ఉంది. అక్కడి నుంచి గోడకు బెజ్జం వేసి తెచ్చిన కేబుల్‌కు ఏ లోపమూ లేదు. కంప్యూటర్‌ను ఆపాడు. వెనక కేబుల్ పక్కన చిన్న పచ్చదీపం వెలుగుతూనే ఉంది, కార్డు వింటోందన్నమాట. వీధిలోకి వెళ్లి తన ఫోన్ నుంచి ప్యాకెట్ పంపాడు. తిరిగి వచ్చేసరికి యంత్రం లేచి కూర్చుంది. ఆరుసార్లు ఆపి ఆరుసార్లు లేపాడు.

"యంత్రంలో లోపం లేదు," అన్నాడు. అది నిజం. నిజం చెప్పినందుకు జరిగేది అతను ఊహించి ఉండవలసింది.

"ఇన్నావా అమ్మా," అన్నాడు ఢిల్లీశ్వరరావు బాధగా. "లోపం యంత్రంలో లేదట." వెంకటేశ్వర్లు పద్మ ఎడమచేతిని పైటలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. చూపుడువేలు అప్పటికే గుడ్డకట్టులో ఉంది. మీటరు కడ్డీ పక్కవేలి మీద పడింది. ముందు గదిలో ఎవరో పెళ్లివారు చీరలు బేరమాడుతున్నారు. అందుకని ఆమె అరవలేదు. పెదవి కొరుక్కుని తెర వైపే చూసింది. గౌతమ్ సర్వీసు పుస్తకంలో "పరీక్ష: ఆరు. విజయం: ఆరు" అని రాసుకున్నాడు. మనీష్ అయితే అదే రాసేవాడు.

"షాపు మూసేటప్పుడు మీరేం చేస్తారండీ?" అని ఢిల్లీశ్వరరావును అడిగాడు.

"కాసులు పోయిన కాడ్నించీ నానే మూస్తన్నాను, ఎవల్నీ నమ్మడం లేదు. తాళం ఏస్తాను. ఇంకేటి సేస్తాను?"

యజమాని పెళ్లివారి దగ్గరకు వెళ్లాక, వెంకటేశ్వర్లు ఫోన్ చూసుకుంటున్న క్షణంలో, పద్మ మౌస్ కదుపుతూ పెదవులు కదలకుండా గొణిగింది. "నానేటీ ముట్టుకోనేదు. నమ్మితే నమ్ము, మానితే మాను."

గౌతమ్ నమ్మలేదు. నమ్మకపోవడం కూడా చేయలేదు. మూసిన దుకాణంలో మాత్రమే వచ్చే జబ్బును తెరిచిన దుకాణంలో వెతుకుతున్నామని ఆ సాయంత్రం అతనికి తోచింది. మనుషులు తాము చేసేది చెప్పరు, చేస్తున్నామనుకునేది చెబుతారు. కనుక అడగడం మాని చూడాలి.

బుధవారం ఒంటిగంటన్నరకు దుకాణానికి ఎదురుగా, వడలూ బఠాణీ కూరా కలిపిన బరా-ఘుగుని అమ్మే బండి వెనక, తలకు తువ్వాలు చుట్టుకుని, ఆకుదొన్నె చేతపట్టుకుని నిలబడ్డాడు. రెండు కాగానే వీధిలోని పట్టు దుకాణాలన్నీ మూతపడడం మొదలైంది. ఢిల్లీశ్వరరావు పనివాళ్లను పంపించాడు. గుమ్మంలోంచి దేవుడి పటానికి దండం పెట్టాడు. చెప్పుల్లో కాళ్లు పెడుతూ, మరెటో చూస్తూ, కుడిచెయ్యి తలుపు పక్కకు చాచాడు. దుకాణం నామఫలకం మీద పరుగెత్తే రంగుదీపాలు టక్కున ఆరిపోయాయి. షట్టరు దించాడు. తాళం వేసి మూడుసార్లు లాగి చూశాడు. తాళాన్ని తాకి కళ్లకద్దుకుని వెనక ఇంటి సందులోకి నడిచాడు.

గౌతమ్ దొన్నె కింద పెట్టి పక్క దుకాణాన్ని చూశాడు. అక్కడా అంతే. ఆ పక్కనా అంతే. దండం, మెయిన్ స్విచ్, షట్టరు, తాళం. పట్టు నిలవ ఉన్న చోట తీగల్లో కరెంటు ఉంచి ఇంటికి వెళ్లడం ఆ వీధిలో ఎవరికీ చేత కాదు. ఎప్పుడో, బతికున్నవారెవరూ చూడని కాలంలో, ఒక దుకాణం తగలబడిందట. ఆ భయం తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది. చేతిలోనే ఉండిపోయింది, తల దాకా ఎక్కలేదు. మెయిన్ తీస్తే కార్డుకు ఆ కాస్త కరెంటూ ఉండదు. చెవి లేని యంత్రాన్ని పదహారు సార్లు కాదు, పదహారు వేల సార్లు పిలిచినా లేవదు.

మరి కాసులు? కంప్యూటర్‌కు పని ఉంది, మెయిన్ తియ్యొద్దని యజమాని చెప్పాడు, కాసులు తియ్యలేదు. గుమస్తా ఆజ్ఞ ప్రకారం తలుపు వేశాడు. యజమాని అలవాటు ప్రకారం వేస్తున్నాడు.

ఆ సాయంత్రం అంకులిలో ఇదంతా విని వెంకటరమణమూర్తి చాలాకాలం తరువాత నవ్వాడు.

"అతనికి పతకం ఇవ్వాలి. రేపు కూడా తీయనీ. గురువారం గడిస్తే శుక్రవారం గడుస్తుంది."

"సాయిపద్మ?"

"పద్నాలుగు. ఒకటి. నువ్వు లెక్కలు చదివినవాడివే."

"వాళ్లు కాసులును ఎందుకు చంపారు?"

మూర్తి కిటికీలోంచి బయటకు చూశాడు. "సంగతులు బయటకు పోతున్నాయని ముఠాకు అనుమానం వచ్చింది. అవి పోతున్నది పద్మ ద్వారా. ఆమె బతకాలంటే ఒక పేరు చెప్పాలి. దగ్గర్లో ఉన్న పేరు నేను ఇచ్చాను. ఆమె చెప్పింది."

గౌతమ్ కోపం లేకుండా, ఒక పరికరం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. లేవడం వేరు, పంపడం వేరు. యంత్రం లేవగానే బయటివాడికి ముందుగా ఒక పలకరింపు వెళుతుంది. ఆ తరువాత ఫైలు వెళ్లడానికి నలభై సెకన్లు పడుతుంది. పలకరింపు అందితే పద్మ బతుకుతుంది. ఆ నలభై సెకన్లలో వీధి మొత్తానికి కరెంటు పోతే పద్నాలుగు మందీ బతుకుతారు. వేసవిలో కరెంటు పోతే బరంపురంలో ఎవరూ గూఢచారులను అనుమానించరు. పైగా బయటివాడు లైన్‌లో ఉన్నంతసేపు అతని చిరునామా శాఖకు తెలుస్తుంది.

ఆ చివరి వాక్యానికి మూర్తి తల తిప్పాడు.

"మన సూరన్నను లైన్‌మన్ దుస్తుల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబెడతాను. ఇక్కడ మేం లైను వింటాం. నేను చెప్పగానే ఫ్యూజు లాగుతాడు," అన్నాడు. "చెయ్యి జారితే పద్నాలుగు ఇళ్లకు ఉత్తరాలు నువ్వే రాస్తావు. మరి రేపు మెయిన్ ఎవరు వేస్తారు? అతని చెయ్యే ఆర్పేసిందని నువ్వు చెబితే, నిన్ను కొన్నారంటాడు. నిన్నూ ఆమెనూ కలిపి తీసుకెళ్తారు."

"నేను చెప్పను," అన్నాడు గౌతమ్.

గురువారం రెండూ పదికి దుకాణం మూసి, వెనక ఇంటి హాల్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఢిల్లీశ్వరరావు తల్లి భారతీదేవి పఖాళ వడ్డిస్తోంది. నీళ్లన్నం, పెరుగు, వడియాలు నలిపి చేసిన బడిచూర, వేయించిన చేప. డెబ్బై దాటిన మనిషి. కొడుకు స్నేహితులంటే ఆమెకు ఇష్టం. వాళ్లేం చేస్తారో ఎప్పుడూ అడగలేదు. సాయిపద్మ మూలన కుర్చీలో ఉంది. తలుపు సందులో వేళ్లు నలిగాయని ఆమెకు చెప్పారు. భారతీదేవి కట్టు విప్పి పసుపు రాసి మళ్లీ కట్టింది. అంతటితో ఊరుకోక, చిన్నపిల్లకు పెట్టినట్టు పద్మకు ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. తినకపోతే సాయంత్రానికి నీరసమొస్తుందంది. వెంకటేశ్వర్లు గడియారం చూసుకున్నాడు. ఇంటి వెనక తెల్లకారు తలుపులు తెరిచి సిద్ధంగా ఉంది.

గౌతమ్ చేప ముల్లు తీస్తూ మామూలుగా అడిగాడు. "షాపు మూయడం తెరవడం బాబుగారే చూసుకుంటారా అమ్మా? ఒక్కరికే కష్టం కదా."

"మరెవలు సూస్తారు బాబూ." ముసలామె ముఖం వెలిగింది. గంటె చేతిలోనే ఉండిపోయింది. "మా మావగారి కాలం కాడ్నించీ ఒకటే పద్ధతి. ముందు దేవుడికి దండం, తరవాత మెయిను తీసీడం, ఆ తరవాతే తాళం. పట్టు గదా, నిప్పుకెంతసేపు. కాసులు ముసిలోడైపోనాడు, మెయిను అలగే ఒగ్గీసి ఎల్లిపోయీవోడు. నానెన్నిసార్లు తిట్టినానో. మావోడు అలగ కాదు. నెలరోజులై ఆడే మూస్తన్నాడు, ఒక్క పూట తప్పినేదు."

వెంకటేశ్వర్లు చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఇవాళ కూడానా అమ్మగారూ?"

"ఇయాళా అంతే. ఇప్పుడే గదా తీసీసొచ్చినాడు. కావాలంటే సూసుకోండి." ఇంకో చేపముక్క కొడుకు కంచంలో వేసింది.

ఢిల్లీశ్వరరావు తన కుడిచేతిని చూసుకున్నాడు. అన్నం మెతుకులంటుకున్న ఆ చెయ్యి అతనిది కానట్టు, ఎవరో తెచ్చి కంచంలో పెట్టి వెళ్లినట్టు చూశాడు.

"నాకు తెలీదు ఎంకటేశ్వర్లూ," అన్నాడు మెల్లగా. "సెయ్యి దానంతటదే ఎల్లిపోతాది."

అది పూర్తిగా నిజం. కానీ ఆ ముఠాలో నిజాన్ని గుర్తుపట్టే శిక్షణ ఎవరికీ లేదు. నెలరోజులుగా మూడు గురువారాలు పాడుచేసిన మనిషి, అందుకు ఇంకొకరి వేళ్లు విరగ్గొట్టించిన మనిషి, ఇప్పుడు తెలియదంటున్నాడు. వెంకటేశ్వర్లు చెయ్యి కడుక్కుని తాళంచెవులు అడిగి తీసుకున్నాడు. ఏడు నిమిషాలకు తిరిగి వచ్చాడు.

"యంత్రం వెనక దీపం లేదు. మెయిన్ వేస్తే వెలిగింది," అన్నాడు. ఎవరితోనూ అనలేదు. ఫోన్ తీసి అదే మాట బయటివాడికి రాశాడు.

మూడూ పది. పైన ఫ్యాను తిరుగుతోంది. భారతీదేవి మజ్జిగ పోస్తోంది. పద్మ కళ్లు మూసుకుంది. వెంకటేశ్వర్లు ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

మూడూ పదకొండుకు ఫోన్ కిచకిచలాడింది. వెంకటేశ్వర్లు చదివాడు. "లేచింది."

పద్మ కళ్లు తెరవలేదు. గౌతమ్ లోపల లెక్క మొదలుపెట్టాడు. పలకరింపు వెళ్లిపోయింది. ఇప్పుడు ఫైలు వెళుతోంది. పది. పదిహేను. ఇరవై సెకన్లకు సూరన్న చెయ్యి ఫ్యూజు మీద పడాలి. ఇరవై. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇరవై ఐదు. బయటివాడి చిరునామా పూర్తిగా దొరికేదాకా మూర్తి సూరన్నకు ఆ మాట చెప్పడని అతనికి అప్పుడు అర్థమైంది. ముప్పై. పద్నాలుగు మంది పేర్లు అతనికి తెలియవు; తెలియనందుకు సంతోషించాడు. ముప్పై మూడు. భారతీదేవి అతని గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది. ముప్పై ఆరు.

ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటి విడివిడిగా కనిపించడం మొదలైంది. వీధిలో ఎవరో కరెంటు వాళ్లను ఒడియాలో తిట్టారు.

ఫైలు తొంభై ఒక్క శాతం దగ్గర ఆగిందని తరువాత తెలిసింది. తాళం వేసిన ఫైలు పూర్తిగా చేరకపోతే తెరుచుకోదు. అది ఢిల్లీశ్వరరావు ఏర్పాటే. ఆ విషయంలో చాలా జాగ్రత్తపరుడు.

ఫోన్ మళ్లీ మోగింది. ఏమైందని బయటివాడు అడిగాడు. కరెంటు పోయింది, వీధి వీధంతా, అని వెంకటేశ్వర్లు రాశాడు. కాసేపటికి ఇంకో జవాబు వచ్చింది. దాన్ని రెండుసార్లు చదివి ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు.

"బాబుగారూ, మార్కండి దాకా ఒకసారి వెళ్లొద్దాం పదండి."

ఢిల్లీశ్వరరావు అరవలేదు, పారిపోలేదు. అరిస్తే తల్లి వింటుంది. ఈ మాటలు ఎలా పలకాలో వెంకటేశ్వర్లుకు నేర్పింది అతనే. లేచి తల్లి కాళ్లకు దండం పెట్టాడు.

"ఇదేటి కొత్తగా?" అని ఆమె నవ్వింది. "ఈ ఎండలో ఎల్తారా? ఉండండి." లోపలికి వెళ్లి పెరుగన్నం క్యారియర్‌లో సర్ది తెచ్చింది. కారు కదిలేదాకా గుమ్మంలో నిలబడి, ఇద్దరూ సమంగా తినమని వెంకటేశ్వర్లుకు మరీ మరీ చెప్పింది.

సందు మలుపులో గౌతమ్ మూర్తికి ఫోన్ చేశాడు. "తెల్లకారు. మార్కండి రోడ్డు మీద ఆపొచ్చు. ఇంకా అరగంట టైముంది."

"ఆపి?"

"ఢిల్లీశ్వరరావు బతుకుతాడు."

"బతికి ఏం చెబుతాడు? తనకేం తెలియదంటాడు. వెంకటేశ్వర్లు మీద ఇవాళ నా దగ్గర ఏ కేసూ లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఉంటుంది." అవతల ఫోన్ పెట్టేశారు.

తిరిగి వచ్చేటప్పుడు, సాయంత్రం ఐదున్నరకు, వెంకటేశ్వర్లును పట్టుకున్నారు. మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు, కారు వెనకసీటులో వల తాడు దొరికాయి. క్యారియర్ ఖాళీగా ఉంది. బయటివాడి చిరునామా మరో దేశపు పోలీసుల చేతికి వెళ్లింది. శుక్రవారం గస్తీ పడవలోని పద్నాలుగు మంది ఒడ్డుకు చేరి ఉప్మా బాగోలేదని వంటవాణ్ణి తిట్టారు. తిట్టే అవకాశం ఎలా దక్కిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

సాయిపద్మను రాత్రికి రాత్రే ఊరు దాటించే ముందు, ఎముకల డాక్టరు దగ్గర కట్టు వేయించుకుంటున్నప్పుడు, గౌతమ్ పక్కన కూర్చున్నాడు. ఆమె గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"కాసులు మావయ్య పేరు సెప్పింది నానే."

"తెలుసు."

"తెలిసీ నన్నెందుకు బతికించినావు?"

"యంత్రం లేవకపోవడానికి కారణం నువ్వు కాదు కాబట్టి."

ఆమె మొదటిసారి హోర్డింగు మీది నవ్వు నవ్వింది. "బాగా ఆలోచించు బాబూ. మావయ్య ఉంటే మెయిను తీసీవోడా?"

అతను ఆలోచించాడు. తర్కంలో లోపం కనిపించలేదు.

పది రోజుల తరువాత శాఖ నుంచి ఒక చీటీ వచ్చింది. ముసుగు పూర్తిగా ఉండాలి కనుక మనీష్ పేరిట సర్వీసు రిపోర్టు నింపి, దుకాణం వారి సంతకం తీసుకురావాలి. గౌతమ్ మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లాడు. దుకాణం సగం తెరిచి ఉంది. కొడుకు కూర్చునే పరుపు మీద భారతీదేవి కూర్చుని ఉంది. కొడుకు కూడా కెరటాలలో వచ్చాడని, మూడో రోజునేనని, కాసులులాగే వలలో చిక్కుకున్నాడని చెప్పింది. మార్కండి సముద్రం మంచిది కాదంది. కూర్చోమంది.

"ఆ వేళ ఆడి గురించి నువ్వడిగినావు గదా," అంది చివరికి. "ఆడి సెవిని పడ్డ నా ఆకరి పొగడ్తలవే. బాగానే సెప్పినానా బాబూ?"

"బాగా చెప్పారమ్మా," అన్నాడు గౌతమ్. "అంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేదు."

ఆమె తలూపి, కాగితం దగ్గరగా పెట్టుకుని, చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న ఒడియా అక్షరాల్లో నిదానంగా సంతకం చేసింది. గౌతమ్ మెట్లు దిగి, ఎదుటి అరుగు మీద కూర్చుని మిగతా గళ్లు నింపాడు. ఫిర్యాదు: యంత్రం దూరం నుంచి లేవడం లేదు. కారణం: విద్యుత్ సరఫరా లేదు. పరిష్కారం: మెయిన్ స్విచ్ వేయడమైనది. వాడిన విడిభాగాలు అన్న గడి దగ్గర కలం కాసేపు ఆగింది. ఖాళీగా వదిలేస్తే ఆఫీసులో ఒప్పుకోరు. కనుక "ఏమీ లేవు" అని రాశాడు.